మొదలు చూడకుండా బుట్టలో వేయొద్దు: గోదావరి డెల్టాలో పుట్టగొడుగులు గుర్తుపట్టే పద్ధతి

తొలకరి పడి, కాలవలకి నీళ్లొదిలి, నారుమళ్లు పచ్చబడే రోజుల్లో మా కోనసీమలో ఒక రాత్రి ఉరిమి గట్టి వాన కురిసిందంటే, తెల్లారేసరికి ఎవరో ఒకరు గట్ల వెంట పుట్టగొడుగులు వెతుక్కుంటూ కనిపిస్తారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ వెనకాల నేనూ అలా తిరిగినవాణ్ణే. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక చిన్న గునపం ఉండేది. నేను పరిగెత్తుకెళ్లి గొడుగు పట్టుకుని లాగబోతే, "ఒరేయ్, పీకకు, తవ్వు. మొదలు చూడందే అదేంటో నాకూ తెలీదు" అనేది. అప్పట్లో అది ఆవిడ చాదస్తం అనుకున్నాను.

కొన్నేళ్ల కిందట మా బాబాయి వాళ్లింట్లో జరిగింది చూశాక అర్థమైంది. కొబ్బరితోటలో పళ్లెమంత తెల్లటి గొడుగులు వరసగా లేచాయి, చూడ్డానికి ఎంతో బాగున్నాయి. పిన్ని పైపైన కోసుకొచ్చి ఇగురు పెట్టింది. మధ్యాహ్నం తిన్నారు, రెండు గంటలు తిరక్కుండానే నలుగురికీ వాంతులు, విరేచనాలు. సెలైన్లు ఎక్కించి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. మర్నాడు నేను ఆ తోటలోకి వెళ్లి మిగిలిన ఒక గొడుగు తెచ్చి, రాత్రి తెల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూశాను. పొద్దున్న తీస్తే కాగితం మీద చక్రంలా ఆకుపచ్చ పొడి, చెరువు మెట్ల మీద పాచి ఉంటుందే, అచ్చం ఆ రంగు. ఆ పొడి రంగు ముందురోజే చూసి ఉంటే ఆ కూర పొయ్యి ఎక్కేది కాదు.

అందుకే ఇది వివరంగా రాస్తున్నాను. ఇందులో తినడానికి చెప్పేది రెండే రెండు రకాలు: పుట్ట దగ్గర మొలిచేది, వరిగడ్డి మీద మొలిచేది. మిగతావి ఎందుకు వదిలేయాలో చెబుతాను. మొదటి ఏడాది మాత్రం ఇది చదివి ఒంటరిగా వెళ్లిపోకండి, మీ ఊళ్లో ఏళ్ల తరబడి ఏరి తింటున్న పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల వెంట వెళ్లండి. ఇంకో మాట, ఇది డెల్టాకి మాత్రమే. రంపచోడవరం వైపు కొండల్లోకి వెళ్తే చెట్లు వేరు, వాటి కింద మొలిచేవీ వేరు. ఇక్కడి లెక్క అక్కడ పనిచేయదు.

ఎప్పుడు, ఎక్కడ, ఏం పట్టుకెళ్లాలి

మృగశిర, ఆరుద్ర కార్తెల నుంచి వానలు ఉన్నన్నాళ్లూ చూడొచ్చు. వాన పడి, మర్నాడు ఉక్కపోసి, మళ్లీ వాన పడిందంటే అదే మంచి అదను. తెల్లవారుజామున వెళ్లాలి, ఎండెక్కితే విచ్చుకుని వాడిపోతాయి, పురుగు పడుతుంది. నీళ్లు నిలిచే చేలల్లో చెదపుట్టలు ఉండవు కాబట్టి పాత మామిడితోటలు, తాటితోపులు, చెరువు గట్లు, మెరక దిబ్బలు చూసుకోండి. గడ్డి రకానికైతే కుళ్లిన పాత గడ్డిమేటు అడుగు భాగం, పశువుల పాక వెనక పారేసిన గడ్డి.

కొన్ని చోట్ల ఎంత బాగా మొలిచినా ముట్టుకోవద్దు. కలుపు మందు కొట్టిన తోటలు, పురుగుమందు పడే పొలం గట్లు, హైవే పక్కలు, చెత్త కుప్పలు, మురుగు కాలవ గట్లు. పుట్టగొడుగు నేలలో ఉన్న లోహాల్ని తనలోకి పీల్చుకుంటుంది, అది మంచి రకమే అయినా మన కడుపులోకి వెళ్లేది ఆ సరుకే.

వెదురుబుట్ట, చిన్న గునపం, చాకు, కాగితం కవర్లు, ఒక పొడుగాటి కర్ర. ప్లాస్టిక్ సంచి వద్దు, అందులో చెమటపట్టి గంటలో మెత్తబడిపోతాయి. కర్ర ఎందుకంటే, మనం నాగుల చవితికి పాలుపోసేది ఆ పుట్టలోనే. చెదలు కట్టిన పుట్టలో పాములు చేరతాయి, వానకి బయటికీ వస్తాయి. ముందు కర్రతో చుట్టూ తట్టి, కాసేపు ఆగి, కాళ్లకి బూట్లు వేసుకునే దగ్గరికి వెళ్లండి. పుట్ట కన్నాల్లోకి మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టొద్దు.

పీకొద్దు, తవ్వి తీయండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. పుట్టగొడుగు ఏ రకమో చెప్పే గుర్తుల్లో సగం మట్టిలో ఉంటాయి. కాడని పట్టుకుని లాగితే అవి నేలలోనే ఉండిపోతాయి, చేతికి తెల్ల గొడుగొకటి వస్తుంది, తెల్ల గొడుగులన్నీ చూపుకి ఒకలాగే ఉంటాయి. కాడకి నాలుగువేళ్ల దూరంలో గునపం దించి, మట్టితో సహా పైకి లేపి, వేళ్లతో మెల్లగా మట్టి రాల్చండి. అడుగున మూడింటిలో ఒకటి కనిపించొచ్చు: పొడుగాటి వేరులాంటి తోక, దొన్నెలాంటి సంచి, లేదా ఉల్లిపాయలా ఉబ్బిన గడ్డ. ఈ మూడూ లేకుండా కాడ మామూలుగా ముగిసిపోయేవీ ఉంటాయి. ఒక్కోదాన్నీ విడి కాగితం కవర్లో వేసుకుని, ఎక్కడ దొరికిందో దాని మీద రాసుకోండి. అనుమానం ఉన్నదాన్ని మంచివాటితో కలిపితే ఇంటికొచ్చాక ముక్కలు తేడా తెలియవు.

చేతిలోకి వచ్చాక చూడాల్సినవి

ముందు అది దేని మీద మొలిచిందో చూడండి. మట్టి మీదా, గడ్డి మీదా, పేడ మీదా, చచ్చిన కొయ్య మీదా? సగం రకాలు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత గొడుగు పైభాగం: మధ్యలో ములుకు ఉందా, పెచ్చులు ఉన్నాయా, ఆ పెచ్చులు వేలితో రాస్తే ఊడుతున్నాయా. గొడుగు తిప్పితే అడుగున పుస్తకం పేజీల్లా పల్చటి పొరలుంటాయి, వాటిని రేకులు అందాం. రేకుల రంగు లేతదానిలో ఒకలా, ముదిరినదానిలో ఇంకోలా ఉంటుంది కాబట్టి ఒకే చోట లేతదీ, విచ్చుకున్నదీ, ముదిరినదీ మూడూ తీసుకుని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కటే దొరికితే? వదిలేయండి. మూడు వయసులూ కనబడకుండా నిర్ణయానికి రావడం కొత్తవాళ్లకి మంచిది కాదు.

కాడ మీద ఉంగరంలా పొర చుట్టుకుని ఉందా? తర్వాత అడుగు, ఇందాక చెప్పిన తోకా, దొన్నె, గడ్డ. చివరగా నిలువుగా రెండు చెక్కలు చేసి, కోసినచోట రంగు మారుతోందేమో ఐదు నిమిషాలు చూడండి. ఎర్రబడినా, పసుపెక్కినా, నీలంగా మారినా పక్కన పెట్టేయడమే. గుడ్డులా ఉండి ఇంకా విచ్చుకోనివాటిని ఈ నిలువు కోత లేకుండా అసలు నమ్మొద్దు. బయటికి అన్నీ కోడిగుడ్లే, లోపల ఒకదానిలో బుల్లి గొడుగు ముడుచుకుని ఉంటుంది, ఇంకోదానిలో జిగురుంటుంది, మరోదానిలో నల్లటి పొడి ఉంటుంది. సముద్రం ఒడ్డు సరుగుడు తోటల్లో ఇసకలో గుండ్రంగా లేచే బంతులు ఈ చివరి బాపతే, కోస్తే ఊదా నలుపు. తినకూడదు.

బీజాల పొడి: ఒక రాత్రి ఓపిక పట్టండి

స్కూల్లో సిద్ధబీజాలు అని చదువుకున్నాం గుర్తుందా, అవే. రేకుల నుంచి కంటికి కనపడనంత సన్నటి పొడిగా రాలుతుంటాయి, కుప్పగా పడితే రంగు తెలుస్తుంది. విచ్చుకున్న గొడుగు తీసుకుని కాడ మొత్తం కోసేయండి. ఒక గాజు ముక్క మీద రేకులు కిందికి వచ్చేలా బోర్లించి, పైన ఒక చుక్క నీళ్లు వేసి, గిన్నె మూసి, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి. ఆరు గంటల నుంచి పన్నెండు గంటలు, అంటే రాత్రి పెడితే పొద్దున్న తీయొచ్చు. గాజు ఎందుకంటే తెల్ల పొడి తెల్ల కాగితం మీద కనపడదు, గాజైతే కింద ఒకసారి తెల్ల కాగితం, ఒకసారి నల్ల కాగితం పెట్టి చూసుకోవచ్చు.

గులాబీ, లేత ఇటుక రంగు వస్తే వరిగడ్డి పుట్టగొడుగు అయ్యే అవకాశం ఉంది. మీగడలో కాస్త గులాబీ కలిపినట్టు ఉంటే పుట్ట రకం. ఆకుపచ్చ వస్తే మా బాబాయి ఇంట్లో వండినది. నలుపు అయితే నల్లటి సిరాలా కరిగిపోయే సిరా గొడుగులు, పేడ మీది రకాలు. ఇక స్వచ్ఛమైన తెలుపు వచ్చి, కాడ అడుగున దొన్నె కూడా ఉంటే మాత్రం అక్కడితో ఆగిపోండి, అమానిటాలు అనే ప్రాణం తీసే పుట్టగొడుగుల గుర్తు అదే. పొడి రంగు ఒక్కటే చూసి తినేయొద్దు సుమా. గులాబీ పొడి రాల్చే విషపు రకాలూ ఉన్నాయి. మిగతా గుర్తులన్నీ కుదిరాక ఇది చివరి సంతకం లాంటిది.

ఆ రాత్రికి మంచివి పాడైపోవా అంటే, అవును, కొన్ని పాడవుతాయి. మొదటి ఏడాది ఏరినవన్నీ చూసి నేర్చుకోవడానికే అనుకోండి. ఒక చోటు, ఒక రకం రెండుమూడు సీజన్లు ఇలా చూశాక, మూడు వయసులూ పక్కన పెట్టుకుంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

పుట్ట దగ్గరిది

అసలు పుట్టగొడుగు అన్న మాట పుట్టింది దీని వల్లే. శాస్త్రంలో టెర్మిటోమైసిస్ అంటారు. చెదలు ఆకులూ పుల్లలూ నమిలి తెచ్చి, పుట్ట లోపల స్పాంజిలాంటి దిమ్మల మీద ఈ బూజుని పెంచుకుంటాయి, మనం వరి వేసుకున్నట్టే. వానలకి ఆ దిమ్మల నుంచి మొలక లేచి మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. అందుకే దీనికి జానెడు నుంచి మూర దాకా పొడుగున్న తోక నేలలోకి దిగి ఉంటుంది, గట్టి మట్టిని పొడుచుకుని రావాలి కాబట్టి గొడుగు మధ్యలో మేకు మొనలా ములుకు ఉంటుంది. ఈ రెండూ కలిసి ఉండటమే దీని గుర్తు. రేకులు తెల్లగా, ఒత్తుగా ఉండి, ముదిరితే గులాబీ ఛాయ తిరుగుతాయి. అడుగున దొన్నె ఉండదు. కాడ నారలు నారలుగా చీలుతుంది, వాసన కమ్మగా ఉంటుంది.

తోక మధ్యలో తెగిపోయిందా? కింద మిగిలిన ముక్క కోసం తవ్వి చూడండి, దొరక్కపోతే ఆ ఒక్కటీ పక్కన పెట్టండి. పుట్ట చుట్టూ వందల్లో బఠాణీ గింజలంత గొడుగులు తెల్లగా పరుచుకున్నట్టు లేస్తాయి, అవీ ఈ కుటుంబమే, తినేవాళ్లున్నారు, కానీ అంత చిన్నవాటిలో వేరే రకాలు కలిసిపోతే పోల్చుకోవడం కష్టం. కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దని నా మాట.

తీసుకున్నాక గొయ్యి మట్టితో పూడ్చి కాలితో మెల్లగా అదమండి. దిమ్మ దాకా తవ్వితే చెదల తోట చెడుతుంది. చెడగొట్టకపోతే చాలాసార్లు మళ్లీ ఏడు అదే పుట్ట దగ్గర అదే అదనులో లేస్తాయి. అమ్మమ్మకి ఏ గట్టు మీద ఏ కార్తెలో వస్తాయో నోటికి వచ్చు. చెదలు లేకుండా దీన్ని పంటలా పెంచడం ఇప్పటిదాకా కుదరలేదు, సంతలో ఇది ఖరీదుగా ఉండటానికి కారణం అదే.

గడ్డిమేటు దగ్గరిది

వరిగడ్డి పుట్టగొడుగు, వోల్వేరియెల్లా. లేతగా ఉన్నప్పుడు పిట్టగుడ్డులా బూడిదరంగులో ఉంటుంది. పైపొర చిట్లి గొడుగు బయటికొస్తే ఆ పొర అడుగున దొన్నెలా మిగులుతుంది, కాడ ఆ దొన్నెలో నిలబడి ఉంటుంది. గొడుగు పైన బూడిద గోధుమరంగు, మధ్యలో ముదురు. రేకులు మొదట తెలుపు, తర్వాత గులాబీ. కాడ మీద ఉంగరం ఉండనే ఉండదు. అది గడ్డి మీద మొలిచి ఉండాలి, పక్కన మట్టిలో కాదు.

దొన్నె ఉంటే విషం అని కొందరంటారు, ఇది ఆ మాటకి మినహాయింపు, కానీ ఈ మినహాయింపే చాలా ప్రమాదకరమైనది కూడా. అమానిటాలకీ దొన్నె ఉంటుంది. తేడా ఏంటంటే వాటి రేకులు ముదిరినా చాలావరకు తెల్లగానే ఉంటాయి, పొడి తెలుపు, చాలావాటికి ఉంగరం ఉంటుంది, అవి చెట్ల వేళ్లతో జతకట్టి మట్టిలో మొలుస్తాయి. మన వరి మాగాణిలో వాటికి తగ్గ చెట్లు తక్కువ. విదేశాల్లో అలా కాదు. 2012 ఆరంభంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇద్దరు చనిపోయారు, ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్ అనే అమానిటా తిని. గుడ్డు దశలో అది అచ్చం మన గడ్డి పుట్టగొడుగులాగే ఉంటుంది. మన ఇళ్లలో పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు, చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు పార్కులో "ఇవి మన దగ్గరివే" అని కోసుకొచ్చే అవకాశం ఉంది. దయచేసి అక్కడ ముట్టుకోవద్దని వాళ్లకి చెప్పండి.

ఈ రకం నేర్చుకోవడానికి మంచి దారి ఒకటుంది, ఇంట్లో ఒక బెడ్ వేయడం. డెల్టాలో గడ్డికి కొదవా? ఉండిలో, కలవచర్లలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, పుట్టగొడుగుల విత్తనం గురించి అక్కడ అడిగి చూడండి. నానబెట్టిన గడ్డి కట్టల మధ్య విత్తనం చల్లి, ముప్పై, ముప్పై ఐదు డిగ్రీల వేడిలో తడి ఆరకుండా ఉంచితే రెండు వారాల్లోపే మొలకలు వస్తాయి. గుడ్డు, చిట్లడం, దొన్నె, తెల్ల రేకులు గులాబీ అవడం, అన్నీ కళ్లెదుట చూస్తారు. అదే బెడ్ మీద సన్నటి కాడతో, రెండు పూటల్లో నల్లటి సిరాలా కరిగిపోయే గొడుగులూ లేస్తాయి. వాటికీ వీటికీ తేడా అక్కడే నేర్చుకోవచ్చు.

వదిలేయాల్సినవి

ఆకుపచ్చ పొడిది, క్లోరోఫిల్లమ్, గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తోటల్లో, పెరళ్లలో, స్కూలు మైదానాల్లో మోసం చేసేది ఇదే. తెల్లటి పెద్ద గొడుగు, పైన గోధుమరంగు పెచ్చులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే ఉంగరం, అడుగున కాస్త ఉబ్బు. తోక ఉండదు, దొన్నె ఉండదు. లేతప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చ బూడిద రంగు తిరుగుతాయి. మా పిన్ని మోసపోయింది అక్కడే, కోసినవన్నీ అప్పుడే విచ్చుకున్నవి.

దాని చిన్న తమ్ముళ్లలాంటివి ఉంటాయి, లెపియోటాలు. రెండు మూడంగుళాల లోపు గొడుగు, గోధుమ పెచ్చులు, తెల్ల రేకులు. వీటిలో కొన్నింటిలో అమానిటాలో ఉండే కాలేయాన్ని తినేసే విషమే ఉంటుంది. పెచ్చులున్న చిన్న గొడుగులు దేన్నీ తినొద్దు.

పేడ మీద మొలిచి, నలిపితే నీలంగా మారేవి మత్తు రకాలు, వాటిలోని మత్తు పదార్థం చట్టరీత్యా నిషిద్ధం. కొబ్బరిచెట్టు మొదట్లో చెక్కలా అంటుకుని మెరిసే గానోడెర్మా తినేది కాదు, అది కనిపిస్తే చెట్టుకి తెగులు పట్టిందని అర్థం, తోట సంగతి చూసుకోండి. పాల పుట్టగొడుగు, అంటే పెంచి అమ్మే తెల్లటి రకం, కావాలంటే సంతలో కొనుక్కోండి, తోటలో కనిపించే తెల్లవాటిని అదే అనుకోవద్దు.

వెండి ఉంగరం, వెల్లుల్లి, పసుపు

కూరలో వెండి వస్తువు వేస్తే నల్లబడకపోతే మంచివనీ, వెల్లుల్లి రంగు మారకపోతే మంచివనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుందనీ ఊళ్లో చెబుతారు. ఒక్కటీ నిజం కాదు. వెండిని నల్లబరిచేది గంధకం, విషం కాదు. అమానిటా విషం ఉడికించినా, ఎండబెట్టినా, పులుసు పెట్టినా పోదు, తిన్నవాళ్లు రుచి బాగుందనే చెప్పారు. పురుగులు, నత్తలు హాయిగా తినేవి మనిషిని చంపగలవు. ఫోన్‌లో ఫోటో తీసి యాప్ చెప్పిన పేరు నమ్మడం కూడా ఇదే బాపతు, ఫోటోలో మట్టి కింద ఏముందో దానికెలా తెలుస్తుంది?

వండటం, మొదటిసారి తినడం

ఏరిన రోజే వండాలి. గడ్డి రకాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చల్లదనానికి నీరై కరిగిపోతుంది. మట్టి కడిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేసి నీరు ఇగిరిపోయేదాకా బాగా ఉడికించండి. పచ్చిగా, సగం ఉడికించి తినే అలవాటు వద్దు.

గుర్తులన్నీ కుదిరిన రకమైనా, మొదటిసారి ఇంట్లో ఒక్కరే, రెండు చెంచాలే తిని, మర్నాటిదాకా ఆగండి. మంచి రకం కూడా కొందరి ఒంటికి పడదు, ఈ జాగ్రత్త దానికి. అదేంటో తెలియనిదాన్ని కొంచెం తిని చూద్దాం అనుకోవడం మాత్రం వద్దు, డెత్ క్యాప్ ఒక్క గొడుగు ఒక మనిషికి సరిపోతుంది. చిన్నపిల్లలకీ, గర్భిణులకీ పెట్టొద్దు. ఆరోజు మద్యం తాగొద్దు, కొన్ని సిరా గొడుగులు మద్యంతో కలిస్తే గుండె దడ, వాంతులు. వండని గొడుగు ఒకటి, వేరుతో సహా, కాగితంలో చుట్టి మర్నాటిదాకా ఉంచండి.

తేడా చేస్తే

గంటా రెండు గంటల్లో వాంతులు మొదలైతే చాలావరకు అది పొట్టకి సంబంధించినది. అప్పుడూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఒంట్లో నీరు పోతే పిల్లలకి ప్రమాదం. ఆరు గంటలు దాటాక మొదలైతే టెన్షన్ పడాల్సింది అప్పుడే. రాత్రి తిని తెల్లవారుజామున వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, రెండో రోజు తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, మూడో రోజుకి కళ్లు పచ్చబడతాయి. తగ్గింది కదా అని ఇంటికి తీసుకొచ్చేయొద్దు, కాలేయం పరీక్షలు చేయించి డాక్టరు చెప్పేదాకా అక్కడే ఉండండి.

ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, నాటు మందులు పోయడం వద్దు. 108కి ఫోన్ చేయండి. ఎప్పుడు తిన్నారో, ఎంత తిన్నారో, ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసి ఇవ్వండి. దాచిన గొడుగు, మిగిలిన కూర కూడా పట్టుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, అక్కడి డాక్టర్లతో మాట్లాడమని మీ డాక్టరుని అడగండి. ఇంట్లో ఆ కూర తిన్న ప్రతి ఒక్కరినీ, ఇంకా ఏమీ కానివాళ్లని కూడా, అదే బండిలో ఎక్కించండి.